సెలవుల్లో ఒళ్లూ మనసూ గాడి తప్పకుండా: ముందు లేచే వేళ చూసుకోండి

సెలవులు మొదలైన ఒకటి రెండు రోజులకే కొందరికి తలనొప్పి, కొందరికి కడుపుబ్బరం, ఇంకొందరికి కారణం తెలియని చిరాకు పట్టుకుంటాయి. నెపం విందు భోజనాల మీద వేసేస్తుంటాం. నిజానికి ముందు దారి తప్పేది తిండి కాదు, వేళలు. రాత్రి ఒంటిగంటకు పడుకుని పొద్దున పదింటికి లేస్తే మొదటి తిండి మధ్యాహ్నానికి జరుగుతుంది, రాత్రి భోజనం పదకొండు దాటుతుంది, నడక రేపటికి వాయిదా పడుతుంది. అలాగని మామూలు రోజుల కట్టుబాట్లన్నీ సెలవుల్లోకి మోసుకెళ్లనక్కర్లేదు. నిద్ర లేచే వేళ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే మిగతావాటిలో సగం వాటంతటవే సర్దుకుంటాయి.

లేచే వేళ గంటకు మించి జరగకూడదు

ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది ముఖ్యంగా పొద్దుటి వెలుతురు. రోజూ ఆరింటికి లేచే మనిషి వారం పాటు తొమ్మిదింటికి లేస్తే ఆ వెలుతురు ఆలస్యంగా అందుతుంది, గడియారం వెనక్కి జరుగుతుంది. మళ్లీ పనికి వెళ్లేరోజు ఆరింటికి అలారం మోగినా ఒంటికి అది ఇంకా అర్ధరాత్రి లెక్కే. ఈ తేడాకు, ఒంటి గడియారం మీద పరిశోధనలు చేసే టిల్ రోనెబెర్గ్ బృందం 2006లో ‘సోషల్ జెట్‌ల్యాగ్’ అని పేరు పెట్టింది. విమానం ఎక్కకుండానే వచ్చే ప్రయాణ బడలిక అది.

చేయాల్సింది ఇంతే. మామూలుగా లేచే వేళకు గంట కలిపి అలారం పెట్టుకోండి. రాత్రి ఎంత ఆలస్యమైనా దానికే లేవండి. లేచిన గంటలోపు 15–20 నిమిషాలు ఆరుబయట ఉండండి. మబ్బుగా ఉన్నా సరే, బయటి వెలుతురు గదిలో దీపం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తక్కువైన నిద్రను మధ్యాహ్నం మూడింటిలోపు 20 నిమిషాల కునుకుతో కొంత పూడ్చుకోండి. కునుకు ముప్పావు గంట దాటితే గాఢనిద్రలోంచి లేవాల్సి వచ్చి తల దిమ్ముగా ఉంటుంది, రాత్రి నిద్రా చెడుతుంది.

మొదట చెప్పిన తలనొప్పికి చాలాసార్లు కారణం కాఫీ. రోజూ తాగేవాళ్లలో, మానేసిన 12 నుంచి 24 గంటల్లోపు కెఫీన్ లేమి తలనొప్పి మొదలవుతుంది. సెలవని లేటుగా లేచి, మొదటి కప్పు నాలుగు గంటలు ఆలస్యం చేసినా కొందరికి ఇది వచ్చేస్తుంది. కాబట్టి కాఫీ, టీ మామూలు వేళకే తాగండి. మానేయాలనుకుంటే సెలవుల మొదటిరోజున ఒక్కసారిగా వద్దు, రెండు వారాల ముందు నుంచీ తగ్గించుకుంటూ రండి. మరోవైపు, కబుర్ల మధ్య రాత్రి తొమ్మిదింటికి తాగే కప్పుతోనూ ఇబ్బందే. తాగిన కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు 5 గంటలు పడుతుంది. పడుకునే వేళకు కనీసం 6 గంటల ముందే ఆపేయాలి.

మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుందన్నది నిజమే, కానీ రాత్రి రెండో సగంలో అదే మెలకువ తెప్పిస్తుంది. సెలవుల్లో ఒక్కసారిగా ఎక్కువ తాగినవాళ్లకు గుండె లయ తప్పడాన్ని డాక్టర్లు 1978 నుంచీ ‘హాలిడే హార్ట్’ అంటున్నారు. గుండె దడదడలాడుతూ ఆయాసం గానీ, ఛాతీలో నొప్పి గానీ ఉంటే తెల్లారేదాకా చూద్దామనుకోకండి.

వ్యాయామం: పెంచే పని వద్దు, ఉన్నది నిలిస్తే చాలు

సెలవుల్లో ఎక్కువమంది చేసే పొరపాటు ‘అంతా లేదా అసలేమీ వద్దు’ అనుకోవడం. రోజూ గంట కుదరదు గనక పూర్తిగా మానేస్తారు. కండబలం పెంచడానికి పట్టే శ్రమలో చిన్న వంతుతోనే ఉన్నదాన్ని కొన్ని వారాలు నిలబెట్టుకోవచ్చు. వారానికి ఒకటి రెండుసార్లు చేసినా చాలు, అయితే తీవ్రత మాత్రం తగ్గకూడదు. దమ్ము విషయం కొంచెం వేరు. పూర్తిగా మానేస్తే రెండు వారాల్లోనే తగ్గడం తెలుస్తుంది, అందుకే వారానికి రెండుసార్లయినా ఆయాసం వచ్చేంత వేగంగా మెట్లు ఎక్కడమో, పరుగో, ఈతో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాల వ్యాయామం. సెలవుల్లో ఆ 150 నిమిషాలు అందుకున్నా బాగా గడిచినట్టే.

సామాను లేకుండా పావుగంటలో అయిపోయే వరుస ఒకటి ఇది:

- కుర్చీ ఎత్తుదాకా గుంజీలు 12
- పుష్‌అప్‌లు 8–10 (నేల మీద కుదరకపోతే గట్టి బల్ల అంచు పట్టుకుని)
- మెట్టు ఎక్కి దిగడం, ఒక్కో కాలితో 10
- ప్లాంక్ (బోర్లా, మోచేతులూ కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా ఎత్తి నిలపడం) 20–30 సెకన్లు

ఒక చుట్టయ్యాక నిమిషం ఆగి, మొత్తం మూడు చుట్లు. ఇది తేలిగ్గా అనిపించేవాళ్లు లెక్క పెంచకుండా, కిందికి దిగేటప్పుడు మూడు సెకన్లు తీసుకోండి. అదే 12 గుంజీలు తొడలకు గట్టిగానే తగులుతాయి.

ఎప్పుడు చేస్తారన్నదే అసలు చిక్కు. ‘సాయంత్రం వీలు చూసుకుని’ అన్నది దాదాపు జరగదు. సెలవుల్లో సాయంత్రాలు మనవి కావు, ఎవరో వస్తారు, ఎక్కడికో బయల్దేరాలంటారు. స్నానానికి ముందు అని ఏదో ఒక తప్పని పనికి కట్టేయండి. గడియారంలో వేళ మారినా స్నానం మానరు గనక ఇదీ ఆగదు.

రెండోది, భోజనం తర్వాతి నడక. తిన్న అరగంటలోపు 10–15 నిమిషాలు, మాట్లాడగలిగి పాడలేనంత వేగంతో నడిస్తే చాలు. కదిలే కండరాలు రక్తంలోంచి గ్లూకోజును నేరుగా లాక్కుంటాయి కాబట్టి తిన్న వెంటనే పెరిగే చక్కెర అంత ఎత్తుకు పోదు. ఇంట్లో ఇద్దరు ముగ్గుర్ని తోడు తీసుకెళ్తే కబుర్లకు కబుర్లు, మళ్లీ వడ్డించేవాళ్ల నుంచి తప్పించుకునే మర్యాదైన దారి కూడా. ఇన్సులిన్, లేదా చక్కెరను బాగా దించే మాత్రలు వాడేవాళ్లు జేబులో కాస్త గ్లూకోజో తీపి పదార్థమో ఉంచుకోవాలి.

ఇక వ్యతిరేక దిశలో జరిగేది. ఏడాదంతా కుర్చీలో కూర్చున్న మనిషి చూడాల్సిన ఊరు వచ్చిందని మొదటిరోజే ఇరవై వేల అడుగులు నడుస్తాడు, అదీ కొత్త బూట్లతో. మర్నాటికి మడమ నొప్పి, మూడోరోజు గదిలోనే. మొదటిరోజు మీ మామూలు నడకకు సగం కలిపితే చాలు, తర్వాత మెల్లగా పెంచండి. ప్రయాణానికి కొత్త బూట్లు కొంటే రెండు వారాల ముందు నుంచీ తొడిగి తిరగండి. అలవాటులేని శ్రమ చేశాక ఒకటి నుంచి మూడు రోజులు కండరం అంతటా ఉండే సలుపు మామూలే, దానికి కాస్త నడకే మందు. ఒకేచోట పొడిచినట్టున్నా, వాచినా, కాలు మోపలేకపోయినా అది గాయం. ఆపేయండి.

తిండి గురించి కొంచెం

విందు ఉందని పొద్దుటి నుంచీ కడుపు మాడ్చుకోకండి. బాగా ఆకలి మీద కూర్చున్నవాళ్లు వేగంగా తింటారు. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది, ఈలోపు రెండో విడత వడ్డన అయిపోతుంది. విందుకు రెండు మూడు గంటల ముందు మాంసకృత్తులున్నదేదైనా కొద్దిగా తినండి. పళ్లెంలో ముందు కూరగాయలు, ఆ తర్వాత తీపీ వేపుళ్లూ. ఇష్టమైన తీపిని మాత్రం నిలబడి, మాటల్లో పడి తినకండి. కూర్చుని ఆస్వాదిస్తూ తింటే తక్కువతోనే తృప్తి తీరుతుంది.

మర్నాడు బరువు చూసుకుని కంగారు పడటం అనవసరం. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. అంత ఒక్క పూటలో ఎవరికీ సాధ్యం కాదు. ఒళ్లు దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో (కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే చక్కెరతో) పాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది, ఉప్పు మరికొంత నీటిని పట్టి ఉంచుతుంది. కాటా మీద పెరిగినట్టు కనబడేది ఎక్కువగా ఆ నీరే. మామూలు తిండికి వచ్చిన నాలుగైదు రోజుల తర్వాత చూసుకోండి.

సెలవుల్ని నిజంగా పాడుచేసేది మిగిలిన వంటలు. వండినవి బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. పెద్ద గిన్నెతో అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడిమి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉండి, క్రిములు పెరుగుతాయి. లోతు తక్కువ ఉన్న డబ్బాల్లోకి సర్ది పెట్టండి. తినేముందు పొగలు కక్కేలా, 75 డిగ్రీల దాకా వేడి చేయాలి. అన్నం విషయంలో ఇదొక్కటీ సరిపోదు. బయట ఉండిపోయిన అన్నంలో కొన్ని బాక్టీరియాలు వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్‌ఎస్ పొట్లం దొరికేదాకా లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన 6 చిన్న చెంచాల (టీస్పూన్ల) చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలిపి తాగించండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కొలత తప్పకూడదు.

ప్రయాణం నాలుగు గంటలు దాటితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. గంటన్నరకోసారి లేచి నడవండి, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించండి. మందులు చేతిసంచిలోనే, మూడు నాలుగు రోజులకు అదనంగా ఉండాలి.

మనసు

మనస్తత్వ పరిశోధకులు సబీనే సొనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో అలసట తీరడానికి తోడ్పడే నాలుగు సంగతులు చెప్పారు: పని తలపు నుంచి విడుపు, విశ్రాంతి, కొత్తదేదైనా నేర్చుకోవడం, తన సమయం తన చేతిలో ఉండటం. మొదటి రెండూ అందరికీ తెలుసు. సెలవులు గడిచినా ‘అలసట తీరలేదు’ అనేవాళ్లకు తరచుగా దక్కనిది నాలుగోది.

మొదటిదానికి, పని ఆఖరిరోజు చివరి అరగంట కేటాయించండి. ఆగిపోయినవి ఏవి, వచ్చాక మొట్టమొదట చేయాల్సింది ఏది, అత్యవసరమైతే ఎవరిని అడగాలి, ఈ మూడూ కాగితం మీద పెట్టండి. రాయని పని తలలో తిరుగుతూనే ఉంటుంది. ఆఫీసు మెయిల్ ఫోన్‌లోంచి తీసేయండి. తప్పదంటే రోజుకోసారి, నిర్ణయించుకున్న వేళకు 20 నిమిషాలు. పడుకోబోయే ముందు మాత్రం వద్దు.

నాలుగోదానికి రోజూ ఒక గంట ఏకాంతం కావాలి, దాన్ని ముందే చెప్పి ఉంచాలి. ‘నాలుగు నుంచి ఐదు దాకా నేను నడకకు వెళ్తాను’ అని మొదటిరోజే చెబితే అది అలవాటుగా కనిపిస్తుంది. మూడోరోజు చిరాకుపడి చెబితే అలకగా కనిపిస్తుంది. పెళ్లి, ఉద్యోగం, ఒళ్లు వంటి ప్రశ్నలకు ఒక జవాబు సిద్ధంగా పెట్టుకోండి: ‘ఆ సంగతి ఇప్పుడు వద్దులెండి. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?’ మళ్లీ అడిగితే అదే జవాబు, అదే గొంతుతో. వివరణ ఇచ్చారంటే వాదనకు పిలిచినట్టే.

ఒకరి సెలవు ఇంకొకరికి చాకిరీ కావడం మామూలై పోయింది. ‘ఏమైనా సాయం కావాలా’ అని అడగడం వల్ల ఏం చేయాలో ఆలోచించే భారం మళ్లీ వంటగదిలో ఉన్నవాళ్ల మీదే పడుతుంది. ఒక పూట భోజనం, కూరగాయలు తేవడం మొదలు గిన్నెలు తోమడం దాకా, మొత్తంగా తీసుకోండి.

ఒంటరిగా గడిపేవాళ్లకీ, ఈమధ్యే దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లకీ ఈ రోజులు మామూలు రోజుల కంటే బరువు. రోజుకు ఒక్క కలయికో, వేళ చెప్పుకున్న ఒక ఫోనో ముందుగా కుదుర్చుకోండి. పోయినవాళ్ల ఊసు ఇంట్లో రానివ్వండి, దాచిపెడితే అందరూ విడివిడిగా మోయాల్సి వస్తుంది. దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో రెండు వారాలు వదలకపోతే డాక్టర్ని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా దగ్గరి మనిషికి చెప్పి, వెంటనే సాయం తీసుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు

సెలవుల ప్రభావాన్ని పరిశోధించిన జెసికా డి బ్లూమ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పొడవైన సెలవుల హాయి ఎనిమిదో రోజు ప్రాంతంలో శిఖరానికి చేరింది, పనిలో చేరిన మొదటి వారంలోనే మామూలుకు వచ్చేసింది. వీలుంటే సెలవులన్నీ ఒకే గుట్టగా వాడకుండా విడగొట్టుకోవడం మేలు. ఆఖరి రెండు రోజులూ అరగంట చొప్పున పెందలాడే లేవండి. చివరి రైలుకు కాకుండా ఒక రోజు ముందే ఇల్లు చేరండి, బట్టలు ఉతుక్కోవడానికీ మర్నాటి తిండి సరుకులకూ ఆ రోజు కావాలి. పనిలో మొదటి పూట మీటింగులేవీ పెట్టుకోకండి. మెయిళ్లు పాతవాటి నుంచి కాకుండా కొత్తవాటి నుంచి చదవండి, మీరు లేనప్పుడే తేలిపోయిన గొడవలు చాలా ఉంటాయి.