పట్టకారు లేకుండా మొదటి పట్టకారు: ఇంటి కొలిమికి పనిముట్లు చేసుకునే వరుస

ఇంటి పెరట్లో కొలిమి పెట్టుకోదలచినవారు పనిముట్లన్నీ కొనాలనుకుంటారు. నిజానికి ఒక సుత్తి, ఇనుమును ఆనించి కొట్టే ఒక దాగలి, మంచి నిప్పు ఉంటే మిగిలినవన్నీ స్వయంగా చేసుకోవచ్చు. కాకపోతే ఒక పనిముట్టు మరొకదానికి ఆధారం కాబట్టి వరుస తప్పకూడదు: ముందు బెజ్జం వేసే పంచ్, ఉలి, వాటితో పట్టకారు, ఆ తర్వాతే పదును పెట్టవలసినవి, అంటే కాల్చి ముంచి ఉక్కును గట్టిపరచవలసినవి.

అనంతపురం జిల్లాలో సర్కారు తుమ్మకు కొదవ లేదు. దాని బొగ్గు, చిన్న బ్లోయరు ఈ పనికి చాలు. కొలిమిని మట్టితో, ఇటుకతో కట్టుకోవాలి. చౌకగా దొరుకుతుందని నాపరాయి పరిస్తే, పొరల్లోని తేమ వేడికి ఆవిరై రాయి పెళ్లలుగా చిట్లి ముఖం మీదికి ఎగరవచ్చు. బొగ్గు వాయువు ప్రాణాంతకం కనుక మూసిన గదిలో నిప్పు రాజేయరాదు. జింకు పూత ఉన్న పైపులను నిప్పులో పెడితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది కాబట్టి వాటి జోలికి పోవద్దు.

దాగలికి రైలు పట్టా ముక్క బాగుంటుందని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. గుంతకల్లు వంటి రైల్వే ఊళ్ల దగ్గర ఎవరైనా అమ్మజూపినా, బిల్లు లేని ముక్కను కొనవద్దు. పాత ఇనుము అంగడిలో దొరికే మందపాటి ఇనుప దిమ్మెను తుమ్మ మొద్దు మీద కదలకుండా బిగించుకుంటే సరిపోతుంది.

పంచ్‌కు, ఉలికి పాత కారు కాయిల్ స్ప్రింగు తగిన ఉక్కు. దాన్ని ఎర్రగా కాల్చి సాపు చేసి, మూరెడుకు పైగా పొడవు ఉంచుకుంటే రెండో కొన చేతికి చల్లగానే ఉంటుంది, పట్టకారు అవసరం రాదు. ఎరుపు తగ్గాక ఈ ఉక్కును కొడితే పగుళ్లు వస్తాయి. వేడి ఇనుము మీద వాడే ఈ రెండింటికీ పదును పెట్టనక్కరలేదు, గాలికి ఆరనిస్తే చాలు.

పట్టకారుకు 16 మి.మీ. మెత్తని ఇనుప కడ్డీలు రెండు కావాలి. కొనను దాగలి అంచు మీద సగం ఆనించి కొట్టి దవడను పలచన చేయాలి. కడ్డీని పావు చుట్టు తిప్పి కీలు భాగాన్ని, మళ్లీ అదే వైపుకు పావు చుట్టు తిప్పి పిడి మొదలును సాగగొట్టాలి. రెండు సగాలనూ ఒకే వైపుకు తిప్పాలన్నది ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా చేస్తే అవి ఒకదానితో ఒకటి కలవవు.

కీలు బెజ్జాన్ని ఒక వైపు నుంచి పంచ్ గట్టిగా తగిలేదాకా కొట్టి, కడ్డీని తిరగేసి చూస్తే ఎర్రని ఇనుము మీద నల్లని గుండ్రని మచ్చ కనబడుతుంది. పంచ్‌ను సరిగ్గా దాని మీద పెట్టి కొడితే బిళ్ల ఊడిపడుతుంది. నాలుగు దెబ్బలకొకసారి పంచ్ కొనను నీళ్లలో ముంచకపోతే అది మెత్తబడి బెజ్జంలోనే ఇరుక్కుంటుంది. రెండు సగాల బెజ్జాల్లో రివెట్‌ను, అంటే కొనలు కొట్టి బిగించే ఇనుప సీలను, దూర్చి బిగించాక కీలు కదలదు, అందుకు కంగారు పడనక్కరలేదు. కీలును ఎర్రగా కాల్చి, చల్లారేదాకా పిడులను తెరుస్తూ మూస్తూ ఉంటే వదులవుతుంది. చివరగా దవడలను కాల్చి, మీరు పట్టబోయే కడ్డీనే వాటి మధ్య పెట్టి కొట్టి ఆకారం కుదర్చాలి.

చల్లని ఇనుమును తెంచే ఉలిని ఇక చేపట్టవచ్చు. పట్టకారుతో పట్టుకొని, అంచు అయస్కాంతానికి అంటనంత వరకు, అంటే సుమారు 770 డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఇంకొంచెం వేడెక్కనిచ్చి, గోరువెచ్చని వేరుశనగ నూనెలో ముంచాలి. నూనె మంట అంటుకోవచ్చు కాబట్టి ఇనుప డబ్బా, దానికి మూత సిద్ధంగా ఉండాలి. తర్వాత అంచును మెరిసేలా రుద్ది, తల వైపును ఎర్రగా కాలిన దిమ్మె మీద ఆనిస్తే గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం వరుసగా అంచుకేసి నడుస్తాయి. ఊదా రంగు అంచును తాకగానే నీళ్లలో ముంచేయాలి. సుత్తి దెబ్బ తినే తల మాత్రం మెత్తగానే ఉండాలి. అది కొన్నాళ్లకు పుట్టగొడుగులా విచ్చుకుంటే, ముక్కలు ఎగిరి కంట్లో పడకముందే ఆ అంచులను గ్రైండరుతో తీసేయాలి.