సిరిమానోత్సవానికి ముందు: ఆడియో సెట్టులో గుయ్‌మనే మోత తగ్గించే జాగ్రత్తలు

విజయనగరంలో విజయదశమి తరువాతి మంగళవారం సిరిమానోత్సవం. చుట్టాలు దిగకముందే ఇంట్లోని ఆంప్లిఫయరును ఒకసారి చూసుకోవడం మంచిది.

• మోత పోతుందని ఎవరు చెప్పినా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును తీసివేయకూడదు. మోత తగ్గినా తగ్గవచ్చు గాని, లోపల ఇన్సులేషను దెబ్బతిన్న నాడు ఇనుప పెట్టెకు 230 వోల్టులు ఎక్కి, ముట్టుకున్నవారి ప్రాణం మీదికి వస్తుంది.

• ఆంప్లిఫయరు, టీవీ, సెట్‌టాప్ బాక్సు మూడింటికీ కరెంటు ఒకే సాకెట్టు నుంచి ఇవ్వాలి. వేర్వేరు సాకెట్ల ఎర్తుల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, సిగ్నల్ తీగ పైపొర గుండా కరెంటు పారి, 50 హెర్ట్జ్ మోతగా స్పీకర్లలో వినిపిస్తుంది.

• వాల్యూము పూర్తిగా తగ్గించి ఇన్‌పుట్ తీగలను ఒక్కొక్కటిగా ఊడదీసి, ప్రతిసారీ మళ్లీ వాల్యూము పెంచి వినాలి. ఏది తీస్తే మోత ఆగిందో దోషం ఆ దారిలోనే ఉంటుంది. నేనైతే మొదట కేబుల్ టీవీ తీగనే అనుమానిస్తాను. దానికి ఐసొలేటరు (సిగ్నల్‌ను పోనిచ్చి, తీగ పైపొర గుండా పారే కరెంటును ఆపే చిన్న పరికరం) పెట్టించాలి.

• ల్యాప్‌టాప్ నుంచి పాట పెడితే చార్జరు తీసి వినాలి. రొద ఆగితే కారణం చార్జరే.

• సిగ్నల్ తీగను కరెంటు తీగ వెంట నడపకూడదు. తప్పనిచోట లంబంగా దాటించాలి.

• ఫ్యాను రెగ్యులేటరు తిప్పినప్పుడు రొద మారితే అది రెగ్యులేటరు నుంచి వచ్చేదే కనుక ఆంప్లిఫయరును విప్పనక్కరలేదు.

• కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి, తీగలు గుచ్చే జాకులు చిలుము పట్టి చిటపటలాడతాయి కనుక, స్విచ్చి ఆపి కాంటాక్ట్ క్లీనరుతో తుడవాలి.