తొలకరి దుక్కులకు ముందు: బయోడీజిల్ పోసే ట్రాక్టరుకు జాగ్రత్తలు

గానుగాడిన కానుగ నూనెను నేరుగా ట్యాంకులో పోయొద్దు. అది బయోడీజిల్ కాదు, డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. బయోడీజిల్ అంటే నూనెను రసాయనికంగా మార్చి పలచన చేసిన ఇంధనం. మొదట్లో ఇంజన్ బాగానే నడుస్తుంది, అదే మోసం. తర్వాత ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల మూతుల దగ్గర మసి గట్టిపడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి, ఇంజన్ ఆయిల్ జిగురవుతుంది. ఇంజన్ విప్పాల్సి వస్తే సీజన్ పోయినట్టే.

బయోడీజిల్‌కు ఉన్న భారత నాణ్యతా ప్రమాణం ఐఎస్ 15607 ప్రకారం తయారైనదే కొనండి. డీజిల్‌లో దాన్ని ఎంత శాతం కలపొచ్చో ట్రాక్టరు మాన్యువల్‌లో చూడండి. మించితే వారంటీ టెన్షన్.

డీజిల్ ఫిల్టర్ ఒకటి అదనంగా ఉంచుకోండి. పాత ట్యాంకులోని మడ్డిని బయోడీజిల్ కదిలించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. చేలో బండి ఆగితే ముందు అక్కడే చూడండి.

రబ్బరు పైపులను వేళ్లతో నొక్కి చూడండి. ఉబ్బినా, జిడ్డుగా మెత్తబడినా మార్చేయండి. ఎక్కువ శాతం కలిపితే మామూలు రబ్బరు తట్టుకోదు.

నిరుడు మిగిలిన బయోడీజిల్ వాడొద్దు. నెలల తరబడి ఉంటే పులిసిపోతుంది, అడుగున నీళ్లు చేరతాయి. ఇత్తడి, రాగి తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది.

ఇది బయోడీజిల్ సంగతి కాదు గానీ, అవిసె నూనె తుడిచిన గుడ్డలు షెడ్డులో కుప్పేయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విడివిడిగా ఆరేయండి.