వానలూ పక్షులూ కలిసే వస్తాయి: చవక బైనాక్యులర్‌ విషయంలో ముందు జాగ్రత్తలు

అక్టోబరు వచ్చిందంటే నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు అని అందరూ బ్యాగులు సర్దుకుంటారు. మన నెల్లూరు తీరంలో అసలు వానలు పడేదీ అప్పుడే, ఈశాన్య రుతుపవనాలు, వాటి వెనకే వాయుగుండాలు. అంటే బైనాక్యులర్‌తో పని పడే నెలలూ, చవక బైనాక్యులర్‌ పాడైపోయే నెలలూ ఒకటే. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ, నెల్లూరోళ్లకు ఆదివారం పొద్దున బండి తీస్తే పోయేది ఇప్పటికీ అటే.)

చవక వాటిల్లో మోడల్ పేరు చూసి నమ్మకం పెట్టుకోకండి, మీ చేతికొచ్చిన పీసును చూసుకోండి. ఖరీదైన కంపెనీలు ప్రతి పీసునూ చెక్ చేసి పంపిస్తాయి, ఆ ఖర్చూ రేటులోనే ఉంటుంది. చవక దాంట్లో కోత పడేది సరిగ్గా అక్కడే. అందుకే ఒకే మోడల్ కొన్న ఇద్దరిలో ఒకరు సూపర్ అంటారు, ఇంకొకరు అరగంట చూస్తే తలనొప్పి అంటారు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. కాబట్టి సీజన్‌కి కనీసం నెల ముందు కొనండి, డబ్బా వచ్చిన రోజే విప్పి చూడండి. ట్రిప్పుకి పోయినప్పుడు చూద్దాంలే అని బీరువాలో పెట్టారా, రిటర్న్ గడువు అక్కడే అయిపోతుంది.

కొనేముందు నంబర్ల సంగతి. 8x42 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే 5.25, కంటికి చేరే వెలుగు వలయం అంత వెడల్పు ఉంటుందన్నమాట. అదే జేబులో పట్టే 10x25కి 2.5 మాత్రమే, తెల్లవారుజామున మబ్బు పట్టి ఉంటే దాంతో చెట్టు మీది కొంగ నల్లగా మచ్చలా కనిపిస్తుంది. ఇక 60x60, 100x అని రాసి ఎనిమిది వందలకు అమ్మేవి ఉంటాయి చూడండి, ఆ అంకెలు పైన అచ్చు వేసినవి, లోపల ఉన్నవి కావు. చేత్తో పట్టుకుని చూసేదానికి పది రెట్లు దాటితే చేతి వణుకే కనిపిస్తుంది, పక్షి కనిపించదు. పేరున్న బ్రాండ్ల ముద్రతో నకిలీలూ చాలానే తిరుగుతున్నాయి, ఆ కంపెనీ సైట్‌లో అసలు అలాంటి మోడల్ ఉందా లేదా ఒకసారి చూసుకుంటే చాలు. ముందు అద్దాలు ఎర్రగా మెరుస్తుంటే అసలు వద్దు, ఆ ఎర్ర పూత వెలుగులో కొంత వెనక్కి కొట్టేసి రంగుల్ని చెడగొడుతుంది. పక్షుల్ని రంగు చూసే కదా పోల్చుకునేది!

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిన పరీక్ష. మేడ మీదికెక్కి దూరంగా ఉన్న కరెంటు తీగ గానీ, ఏదైనా బిల్డింగు స్లాబు అంచు గానీ చూడండి, అడ్డంగా ఉన్న గీత కావాలి. ఫోకస్ కుదిరాక, కళ్లు దాని మీదే ఉంచి బైనాక్యులర్‌ను మెల్లగా ముఖం నుంచి నాలుగైదు అంగుళాలు వెనక్కి జరపండి. ఎడమ వలయంలో తీగ, కుడి వలయంలో తీగ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి మెట్టులాగా కిందికో పైకో పోయిందంటే లోపల వెలుగును మళ్లించే గాజు దిమ్మెలు, అంటే ప్రిజమ్‌లు పక్కకు జరిగాయని అర్థం. కంటికి ఆనించి చూస్తే ఇది తెలియదు, ఎందుకంటే మెదడు రెండు బొమ్మల్నీ బలవంతంగా కలిపేస్తుంది, షాపులో రెండు నిమిషాలు చూసి బాగుందని తెచ్చుకుంటాం. చెరువు గట్టున కూర్చుని అరగంట చూసేసరికి కణతలు లాగడం మొదలవుతుంది. ఈ లోపం ఉంటే రెండో ఆలోచన లేకుండా వాపసు చేయండి, ఇంట్లో సరిచేయగలిగిన పని కాదు. స్క్రూడ్రైవర్ పట్టుకునే బావమరిది ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, వాడికి దూరంగా పెట్టండి.

ఇంకోటి, దాన్ని చెయ్యి చాచి పట్టుకుని తెల్ల ఆకాశం వైపు తిప్పి (సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ వద్దు, కన్ను పోతుంది) కంటి వైపు ఉండే అద్దాల్లో కనిపించే చిన్న వెలుగు చుక్కల్ని చూడండి. గుండ్రంగా ఉంటే మంచి ప్రిజమ్. అంచులు బూడిద రంగులో కోసుకుపోయి నలుపలకలుగా ఉంటే నాసిరకం. ముందు అద్దం పేరుకే పెద్దదేమో తెలుసుకోవాలంటే రాత్రి లైట్లు ఆర్పి, ఫోకస్ దూరానికి పెట్టి, కంటి వైపు నుంచి కాస్త ఎడంగా ఫోన్ టార్చి కొట్టండి, ముందు అద్దానికి దగ్గరగా తెల్ల కాగితం పెట్టి, దాని మీద పడే వలయాన్ని స్కేలుతో కొలవండి. 50 అని రాసినదానికి 35 వచ్చిందంటే లోపల రింగు పెట్టి అద్దాన్ని మూసేశారన్నమాట.

వాపసు పంపేముందు ఒక్కమాట: ఫోకస్ ఎట్టా పెట్టాలో తెలియక బాగున్నదాన్ని పంపేసేవాళ్లూ ఉన్నారు. కుడికన్ను మూసి నడుమ చక్రంతో ఎడమ కంటికి సరిచేయండి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గర ఉండే రింగు తిప్పండి. చాలావాటికి ఇంతే. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి దించి చూడాలి.

తేమ విషయంలో మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను, మన తీరంలో బైనాక్యులర్లను తినేసేది అదే. నత్రజని నింపి సీలు చేసినవైతే లోపలికి తేమ పోదు. చవకలో దొరికే పోరో రకానివి, అంటే పాతకాలం ఆకారంలో భుజాలు వెడల్పుగా ఉండేవి, డబ్బుకి బొమ్మ బాగా చూపిస్తాయి గానీ వాటిలో చాలావాటికి ఆ సీలు ఉండదు. నికాన్ ఆక్యులాన్ లాంటి మంచి పేరున్నది కూడా వాటర్‌ప్రూఫ్ కాదు. అలాంటిది కొంటే తప్పేం లేదు, వానలో బయటికి తీయకూడదంతే. తడిసినదాన్ని తోలు కవర్లో పెట్టి డిసెంబరంతా వదిలేస్తే, జనవరిలో లైటుకి ఎదురుగా పట్టి చూసినప్పుడు లోపలి అద్దం మీద సాలెగూడు లాంటి సన్నటి తెల్ల పోగులు కనిపిస్తాయి. అది బూజు. అద్దం మీది పూతను తినేస్తుంది, తర్వాత తుడిచినా ఆ మచ్చ పోదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ (రంగు మారే రకం) వేసి పెట్టండి, రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టమని ఎవరన్నా చెబితే వినొద్దు, ఆ పిండి దుమ్మంతా సందుల్లో చేరుతుంది.

ఏసీ కారులోంచి దిగగానే మూత తీయకండి, చల్లటి అద్దం మీద చెరువు గాలి తగిలి వెంటనే మబ్బు కమ్ముతుంది. పది పదిహేను నిమిషాలు బ్యాగులోనే ఉంచి తీయాలి. అలాగే కారు డాష్‌బోర్డు మీద ఎండలో వదిలేయకూడదు. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు తీసుకెళ్తే ఇంటికొచ్చాక ముందు ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, అప్పుడు అద్దాల గుడ్డ వాడాలి. చొక్కా కొసతో తుడిస్తే ఉప్పు రేణువులే గీతలు పెడతాయి.

స్కోపుల (ఒంటికన్నుతో చూసే దూరదర్శినుల) సంగతి క్లుప్తంగా. ఆన్‌లైన్‌లో ఇవన్నీ హంటింగ్ అనే పేరు కిందే కనిపిస్తాయి, మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి తుపాకీకి బిగించే స్కోపు మనకు పనికిరాని వస్తువు. పక్షుల కోసం స్టాండు మీద పెట్టే స్పాటింగ్ స్కోపు చవకలో 20-60x60 అని దొరుకుతుంది. దాన్ని 20 నుంచి 30 రెట్ల స్కోపుగా లెక్కేసుకుని కొనండి. అరవైకి తిప్పితే కంటికి చేరే వలయం ఒక్క మిల్లీమీటరు, పైగా పులికాట్‌లో ఎండ ముదిరాక బురద మీద వేడిగాలి లేచి బొమ్మంతా అల్లాడుతుంది. దాంతోపాటు ఇచ్చే గుప్పెడంత స్టాండు గాలికి నిలవదు, స్టాండుకి వేరే డబ్బులు పక్కన పెట్టుకోవాల్సిందే.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద ఫ్లెమింగోలు బాగా కనిపిస్తాయి గానీ అక్కడ బండ్లు వేగంగా పోతుంటాయి, కంటికి ఆనించుకుని రోడ్డు మీదికి వెనక్కి నడవకండి. గట్టు దిగి బురదలోకీ పోవద్దు. ఆ రోడ్డు చివర ఉండేది ఇస్రో రాకెట్లు ప్రయోగించే షార్ కేంద్రం, చెక్‌పోస్టు దగ్గర బైనాక్యులర్ బ్యాగులో పెట్టేయండి. బయల్దేరే ముందు మెడపట్టీ కొక్కేలు గట్టిగా లాగి చూడండి, చవక వాటితో వచ్చే పట్టీ ముందు తెగేది అక్కడే. ఒక మంచి కెమెరా పట్టీ కొని మార్చుకుంటే సరి.