కీమో నడుస్తున్న మనిషికి సుగంధ నూనెతో చేతులు, పాదాలు మర్దన చేయడం ఎలా?

మా పెద్దమ్మది దేవరకొండ దగ్గరి ఊరు. రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో కీమో ఎక్కించుకుని బస్సులో ఇల్లు చేరేసరికి మనిషి సగమయ్యేది. చూడవచ్చినవాళ్లు గడప దగ్గరే కుర్చీ వేసుకుని మాట్లాడి పోయేవాళ్లు. కొందరికి అంటుకుంటుందేమోనని భయం (క్యాన్సర్ అంటురోగం కానే కాదు), ఇంకొందరికి ఎక్కడ ముట్టుకుంటే ఏమవుతుందోనని జంకు. ఒక రాత్రి ఆమే అడిగింది, "బిడ్డా, కాళ్లకు జర నూనె రాయరాదు" అని. నేను నొప్పుల బామ్ తెచ్చి గట్టిగా పామాను. ఆ ఘాటుకు ఆమెకు వాంతయింది. తర్వాత నర్సమ్మలను అడిగి నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందే చెప్పాలి, ఈ మర్దనతో జబ్బు తగ్గదు, గడ్డ కరగదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2016లో ఇచ్చిన సమీక్ష 19 అధ్యయనాలు, 1274 మంది రోగుల వివరాలు చూసి, నొప్పి, ఆందోళన తగ్గుతాయని గట్టిగా చెప్పేంత ఆధారం లేదని తేల్చింది. అయినా కాసేపు మనసు కుదుటపడి, ఆ పూట కంటిమీదికి కునుకు వస్తే అదే పెద్ద ఊరట. అందుకోసమే చేయండి. చికిత్స మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి.

డాక్టర్‌ను అడగాల్సినవి

తాజా సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు పట్టుకెళ్లి అడగండి: ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి? జబ్బు ఎముకలకు పాకిందా? ఎక్కడైనా రక్తం గడ్డ కట్టిందా? ఆపరేషన్‌లో ఏ వైపు చంకలో లింఫ్ గ్రంథులు తీశారు? పెద్దాసుపత్రి దాకా పోలేకపోతే జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సేవ) చూసే నర్సును అడగండి. ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గితే ఒత్తడం, పిసకడం వద్దు. చేయి పట్టుకుని కూర్చుంటే చాలు. కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మర్దన మాట మరిచి ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది. ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని అసలు రుద్దొద్దు. వాపు కనిపిస్తే నూనె పెట్టి పామడం మన ఇళ్లలో అలవాటు. కానీ లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే, అది కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి తేవచ్చు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

నూనె కలపడం

దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత తీసుకోండి. అందులో 10 మిల్లీలీటర్ల కొబ్బరి నూనె, దానికి ఒకే ఒక్క చుక్క లావెండర్ నూనె. ఇది అర శాతం కలిపినట్టు. కీమోతో పలచబడ్డ చర్మానికి ఇంతకంటే అక్కర్లేదు. సీసా మీద లావండ్యులా అంగుస్తిఫోలియా అనే మొక్క పేరు ఉండాలి. పూజ సామాను దుకాణంలో దొరికే సెంటు నూనె వేరు, అది వద్దు. నీలగిరి, లవంగ, కర్పూర తైలాలు ఘాటు. నిమ్మ నూనె రాసుకుని మన పాలమూరు ఎండలోకి పోతే చర్మం కమిలిపోవచ్చు. గానుగ పల్లి నూనె ఇంట్లోనే ఉన్నా, పల్లీలు పడనివాళ్లకు దాని జోలికి పోకండి. హార్మోన్లతో పెరిగే రొమ్ము క్యాన్సర్ అయితే లావెండర్ వాడొచ్చో లేదో డాక్టర్‌నే అడగాలి. ఏ సుగంధ తైలమైనా తాగించకూడదు.

వాసన ఏదన్నది రోగి ఇష్టం. కాగితం మీద చుక్క వేసి దూరం నుంచి చూపించండి. కీమోలో ముక్కు తీరే మారిపోతుంది. జడ నిండా మల్లెలు పెట్టుకునే మా పెద్దమ్మ, ఆ నెలల్లో మల్లెపూలు ఇంట్లోకి తెస్తే ముఖం తిప్పుకునేది. వద్దంటే ఉత్త కొబ్బరి నూనె చాలు. వాంతులు అవుతున్న రోజు సుగంధమే వద్దు. ఆ వాసనకూ వాంతికీ ముడిపడితే తర్వాత అదే వాసనకు కడుపులో తిప్పుతుంది.

మర్దన

కలిపిన నూనె ముందురోజు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి 24 గంటలు చూడండి. దద్దుర్లు, మంట లేకపోతేనే ముందుకు.

గోళ్లు కత్తిరించుకుని, గాజులు, ఉంగరం తీసి, చేతులు కడుక్కోండి. నూనెను పొయ్యి మీద పెట్టకండి, అరచేతుల్లో రాపిడితో వచ్చే వెచ్చదనం సరిపోతుంది. కొన్ని కీమో మందులకు పాదాలు తిమ్మిరెక్కి, కాలినా తెలియదు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతుంటే రుద్దకుండా డాక్టర్ రాసిన క్రీమే పూయండి.

పాదం కింద తువ్వాల పరిచి, అడుగు నుంచి చీలమండ వైపు మెల్లగా నిమరండి. జొన్నరొట్టె తట్టే బలం వద్దు, పసిబిడ్డ చెంపకు పౌడర్ రాసినంత. ఒక్కో పాదానికి మూడు నాలుగు నిమిషాలు, చేతులకూ అంతే. చివర మెటికలు విరిచే అలవాటు మానండి. మునుగోడు, మర్రిగూడ వైపు పెద్దవాళ్లకు ఫ్లోరైడ్‌తో కీళ్లు ముందే బిగుసుకుని ఉంటాయి, అవి వంగినంతే వంగనివ్వండి. గ్రంథులు తీసిన వైపు చేయి, కరెంటు (రేడియేషన్) పెట్టిన చోటు, పోర్టు (కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చిన చిన్న పరికరం), కుట్లు, గడ్డ ఉన్న చోటు ముట్టుకోకండి. టీవీ ఆపండి. ఆమె మాట్లాడితే వినండి. కనుబొమలు ముడిపడినా, కాలు వెనక్కి లాక్కున్నా అక్కడికి ఆపేయండి.

అయిపోయాక అరికాళ్లు పొడిబట్టతో రెండుసార్లు తుడవండి. మన ఇళ్లలో షాబాద్ బండల మీద నూనె కాలు పెడితే జారుతుంది. రాత్రి బాత్రూమ్‌కు లేవాలంటే పిలవమని చెప్పి, ఆ మంచం పక్కనే మీరూ పడుకోండి.