స్కోప్ మార్చారా? వేటకు ముందు కాగితం మీద కాల్చి చూడండి

టెక్సస్‌లో జింకల సాధారణ రైఫిల్ వేట సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. పోయిన సీజన్‌లో మాకు తెలిసిన ఒక తెలుగు యువకుడు .243 రైఫిల్ మీది స్కోప్‌ను (గురి చూసే దుర్భిణిని) రాత్రికి రాత్రి ఇంకా పెద్ద తూటా కాల్చే .308 రైఫిల్ మీద బిగించి, ఒక్క తూటా కూడా కాల్చి చూడకుండా తెల్లవారుజామునే వేటకు వెళ్ళాడు. ముంగాలి వెనుక తగలవలసిన తూటా పొట్టలో తగిలింది. పొదల్లోకి పరుగెత్తిన ఆ జింక చీకటి పడేదాకా వెదికినా దొరకలేదు.

మంచి స్కోప్ ధర ఒక్కోసారి రైఫిల్ ధరను మించుతుంది కనుక, ఒకదానినే రెండు రైఫిళ్ళకు వాడుకోవడంలో తప్పు లేదు. అయితే స్కోప్‌తో పాటు జీరో (గురి చూసిన చోటే తూటా తగిలేలా చేసిన సర్దుబాటు) కూడా వచ్చేస్తుందనుకోవడం ప్రమాదకరం. స్కోప్‌ను పట్టి ఉంచే రెండు రింగుల మధ్య 5 అంగుళాల దూరం ఉన్నప్పుడు, ఒక రింగు అంగుళంలో వెయ్యింట 5 వంతులు పక్కకు జరిగినా, 100 గజాల వద్ద గురి 3.6 అంగుళాలు తప్పుతుంది. ఆ రింగులను బిగించే బేసులు ఏ రెండు రైఫిళ్ళకూ అంత ఖచ్చితంగా ఒకేలా ఉండవు. తీసి పెట్టినా జీరో మారదని చెప్పే, సులువుగా ఊడదీసి బిగించగల క్విక్ డిటాచ్ మౌంట్ల హామీ అదే రైఫిల్‌కు, బేసు మీది అదే గాడికి మాత్రమే వర్తిస్తుంది. ఏ రైఫిల్‌కు స్కోప్ మీది మరను ఎన్ని క్లిక్కులు తిప్పాలో పుస్తకంలో రాసుకోవడం మంచిదే. కానీ అది మొదలుపెట్టడానికి పనికివస్తుందే తప్ప, కాగితం మీద కాల్చి చూడవలసిన అవసరాన్ని తీర్చదు.

కంటికీ స్కోప్‌కూ మధ్య దూరం మరొక సంగతి. చిన్న తూటా కాల్చే .22 రైఫిల్ మీద కంటికి దగ్గరగా బిగించుకున్న స్కోప్‌ను అలాగే .308 మీదికి మారిస్తే, రీకాయిల్‌కు (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకు) దాని అంచు కనుబొమ్మను చీలుస్తుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ముందుకూ వెనక్కూ కుదుపుతుంది కనుక, దానికోసం చేయని స్కోప్‌ను దాని మీద బిగించవద్దు.

స్క్రూ ముట్టుకునే ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. మౌంట్‌ను గాడిలో ముందుకు నెట్టి పట్టుకుని బిగించండి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ వాడండి. తయారీదారు చెప్పిన అంకెను దాటవద్దు. గొట్టం ఎటు చూస్తోందో వెలుగు చుక్కతో చూపే లేజర్ బోర్‌సైటర్‌తో సరిపెట్టుకోవద్దు. ముందు 25 గజాల వద్ద, తరువాత 100 గజాల వద్ద కాల్చండి. వేటకు తీసుకువెళ్ళే తూటాలతోనే కాల్చండి. ఒక క్యాలిబర్ (తూటా రకం) కోసం స్కోప్‌లో గీసిన బీడీసీ గీతలను (దూరం పెరిగేకొద్దీ తూటా ఎంత కిందికి దిగుతుందో చూపేవి) మరో క్యాలిబర్‌కు నమ్మవద్దు. మార్చిన ప్రతిసారీ, ఎన్నిసార్లు మార్చినా, కాగితం మీద కాల్చి చూడండి. రేంజికి వెళ్ళే వ్యవధి లేకపోతే స్కోప్‌ను కదపకుండా, అది ఏ రైఫిల్ మీద జీరో అయి ఉందో ఆ రైఫిల్‌నే తీసుకువెళ్ళండి.