స్కేల్ వేళ్లకు వచ్చింది, పాట రావడం లేదా? గిటార్ మీద అయిదు స్వరాలతో సంగీతం కట్టడం ఎలా?

ఎ మైనర్ పెంటటానిక్ అనే అయిదు స్వరాల స్కేల్‌ని గిటార్ మీద కళ్లు మూసుకుని వాయించగలరు. మేజర్ స్కేల్‌లో ఏయే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) పుడతాయో అడిగితే తడుముకోకుండా చెప్పగలరు. అయినా ఎవరైనా "ఏదైనా వాయించు" అంటే చాలు, వేళ్లు మళ్లీ ఆ మెట్లే ఎక్కి దిగుతాయి. ఇన్నాళ్లూ సాధన చేసింది ఎక్కి దిగడమే కాబట్టి అదే బయటికి వస్తుంది. సరళీ వరసలు ఎంత వేగంగా పాడినా గీతం దానంతట అది రాదు కదా.

ఏ స్వరాలు వాడాలో స్కేల్ చెబుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పదు. ఎ, సి, డి, ఇ, జి అనే అయిదు స్వరాలనే తీసుకోండి. ఎ ని షడ్జంగా పెట్టుకుంటే అవి శుద్ధ ధన్యాసి. శ్రుతి మార్చి సి ని షడ్జం చేస్తే అవే మోహనం. వేళ్లు పెట్టే ఫ్రెట్లు అవే, వచ్చి నిలిచే చోటు మారింది, రాగమే మారిపోయింది. అందుకే ఈ అయిదు స్వరాలతో ఆగడం వచ్చేదాకా కొత్త స్కేళ్లను పక్కన పెట్టమని మా గట్టి సలహా.

ముందు తోడు వాయిద్యం సిద్ధం చేసుకోండి

నెట్‌లో దొరికే బ్యాకింగ్ ట్రాక్ వద్దు. మీరే వాయించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఎ మైనర్, ఎఫ్, సి, జి కార్డులు ఒక్కొక్కటి నాలుగు బీట్లు. తాళం వేసే మెట్రోనోమ్‌ని 80 మీద (నిమిషానికి 80 బీట్లు) పెట్టి, దాని శబ్దం ఇయర్‌ఫోన్‌లో మాత్రమే వినండి. నాలుగు కార్డులూ ఒకసారి పూర్తయితే ఒక చుట్టు, అది సరిగ్గా 12 సెకన్లు వస్తుంది. 20 చుట్లు వాయిస్తే నాలుగు నిమిషాలు. మొదలుపెట్టే ముందు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని నోటితో లెక్కపెట్టండి, తర్వాత వాయించేటప్పుడు ఎక్కడ అందుకోవాలో తెలుస్తుంది.

ఇక్కడ ఎక్కువగా చెడేది ఎఫ్ దగ్గర. బారె కార్డ్ (చూపుడువేలిని తీగలన్నిటికీ అడ్డంగా నొక్కే పట్టు) పట్టుకోవడానికి ఆలస్యమై, నాలుగో బీట్ సాగి, చుట్టంతా కుంటుతుంది. అలా అవుతుంటే సన్న తీగను ఒకటిగా లెక్కపెట్టి, నాలుగో తీగ 3వ ఫ్రెట్, మూడో తీగ 2వ ఫ్రెట్, రెండో తీగ 1వ ఫ్రెట్ నొక్కి, ఒకటో తీగను ఖాళీగా వదలండి. అది ఎఫ్ మేజర్ సెవెన్త్. ఈ చుట్టులో చక్కగా ఇముడుతుంది. బీట్‌కి ఒక్క స్ట్రోక్ చాలు. స్ట్రమ్మింగ్‌తో అంతా నింపేస్తే పైన వాయించడానికి చోటుండదు.

ఒకే ఒక్క స్వరం

రికార్డింగ్ పెట్టి, ఒకటో తీగ 5వ ఫ్రెట్ మాత్రమే వాయించండి. అది ఎ. మరో స్వరం ముట్టుకోకండి. కార్డు మారినప్పుడల్లా ఆ ఒక్క స్వరం రంగు ఎలా మారుతుందో చెవి పెట్టి వినండి. ఎ మైనర్ మీద అది ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది, అక్కడ అదే రూట్, అంటే కార్డుకు పేరిచ్చిన మూల స్వరం. ఎఫ్ మీద, రూట్ నుంచి లెక్కపెడితే, అది మూడో స్వరం, వెచ్చగా తోస్తుంది. సి మీద ఆరోది, కాస్త మెత్తన. జి మీదికి వచ్చేసరికి రెండో స్వరమై గాల్లో వేలాడుతుంది. దాన్ని పట్టుకుని ఉంటే పక్కనే ఉన్న జి కి, అంటే రెండో తీగ 8వ ఫ్రెట్‌కి, దిగాలనిపిస్తుంది. దిగండి. మీరు వాయించిన మొదటి సంగీతం అదే: ఒక స్వరం ఎటో లాగింది, మీరు దాని మాట విన్నారు.

తర్వాత అదే స్వరంతో లయ మార్చి చూడండి. రెండు పొట్టి, ఒకటి పొడుగు, ఒక బీట్ ఖాళీ. ఒక్క స్వరంతో ఆసక్తి పుట్టించలేని చేతికి పది స్వరాలిచ్చినా లాభం ఉండదు.

కార్డు మారిన చోట దిగే స్వరాలు

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ప్రతి కార్డుకీ మూడో స్వరం దాని ముఖం లాంటిది, మేజరో మైనరో తేల్చేది అదే. మన నాలుగు కార్డులకూ ఆ స్వరాలు చేతికి దగ్గరలోనే ఉన్నాయి:

ఎ మైనర్‌కి సి: మూడో తీగ 5వ ఫ్రెట్
ఎఫ్‌కి ఎ: నాలుగో తీగ 7వ ఫ్రెట్
సి కి ఇ: రెండో తీగ 5వ ఫ్రెట్
జి కి బి: మూడో తీగ 4వ ఫ్రెట్

కార్డు మారిన మొదటి బీట్ మీదే ఆ స్వరం పడాలి. అయిదు చుట్లు ఇంతే వాయించండి. ఆ తర్వాత రికార్డింగ్ ఆపేసి ఆ నాలుగు స్వరాలే ఒంటరిగా వాయించండి. కార్డులు కదులుతున్నట్టే వినిపిస్తుంది. బి మన పెంటటానిక్‌లో లేని స్వరం, అయినా జి మీద అదే కావాలి. పైగా అక్కడినుంచి ఒక్క ఫ్రెట్ జరిగితే మళ్లీ ఎ మైనర్‌లోని సి, చుట్టు తిరిగి మొదటికి చేరుతుంది.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. జి కార్డు మోగుతుండగా సి ని పట్టుకుని నిలబడండి. సి మన స్కేల్‌లో ఉన్న స్వరమే, అయినా గుచ్చుకుంటుంది. కార్డులోని బి కి, మీ సి కి మధ్య అర స్వరమే దూరం, ఆ రెండూ ఒరుసుకుంటాయి. దాని మీదుగా దాటిపోతే ఇబ్బంది లేదు, నిలబడితేనే ఇబ్బంది. "స్కేల్ కరెక్టే వాయించాను, ఎందుకు బాగాలేదు?" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

నాలుగు మజిలీలూ కుదిరాక వాటి మధ్య దారులు వేయండి. ఒక మజిలీ నుంచి తర్వాతి దానికి రెండు మూడు స్వరాలు, అంతకంటే వద్దు.

నోటితో పాడి, ఆ తర్వాత తీగ మీద

గిటార్ ఒళ్లో పెట్టుకుని రికార్డింగ్ మీద హమ్ చేయండి. గొంతు బాగుండక్కర్లేదు. ఊపిరి తీసుకోవాలి కాబట్టి గొంతు తనంతట తానే ఆగుతుంది. వేళ్లకు ఆ అవసరం లేదు, అందుకే ఆగకుండా పరిగెడతాయి. ఎ మైనర్, ఎఫ్ మీద ఒక ప్రశ్న పాడండి, ఎఫ్‌లో రెండో బీట్‌కి ఆపేసి మిగిలిన రెండు బీట్లు వదిలేయండి. సి, జి మీద అదే లయలో జవాబు చెప్పి, తర్వాతి ఎ మైనర్ మొదటి బీట్‌కి ఎ మీద దిగండి. పాడింది నచ్చితే తీగ మీద వెతికి పట్టుకోండి. మొదట్లో ఒక్క వాక్యానికి పావుగంట పట్టవచ్చు. కొత్తలో అంత పట్టడం మామూలే.

వినిపించే సినిమా పాట పల్లవిని ఇలాగే పట్టండి. యూట్యూబ్‌లో వేగం 0.75 కి తగ్గిస్తే శ్రుతి మారదు. ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని రాసిన కాగితం) చూడకుండా రెండు లైన్లు పట్టినా చెవికి అది పెద్ద మేలు.

గమకం

ఒత్తిన స్వరాన్ని ఒత్తినట్టే వదిలేస్తే కీబోర్డ్ మీట నొక్కినట్టుంటుంది. మూడో తీగ 7వ ఫ్రెట్ డి ని బెండ్ చేసి, అంటే నొక్కిన తీగను పక్కకు తోసి, ఇ దాకా తీసుకెళ్లండి. సరిగ్గా చేరిందో లేదో తెలియాలంటే ముందు రెండో తీగ 5వ ఫ్రెట్ వాయించి ఆ ఇ ని చెవిలో పెట్టుకోండి. ఉంగరపు వేలితో నొక్కి, వెనక మధ్యవేలు, చూపుడువేలు దన్నుగా పెట్టాలి. ఒక్క వేలితో తోస్తే పూర్తిగా చేరదు, శ్రుతి తప్పి వినిపిస్తుంది. మందమైన 12 గేజ్ తీగలున్న అకూస్టిక్ మీద ఇది కష్టం. అలాంటప్పుడు అదే తీగ మీద 7 నుంచి 9వ ఫ్రెట్‌కి జారండి.

ఒక్క నిమిషం పాట పూర్తి చేయండి

అయిదు చుట్లు, 60 సెకన్లు. మొదటి చుట్టులో కార్డులు మాత్రమే విడివిడిగా మీటండి. రెండో చుట్టులో మీ ప్రశ్న, జవాబు. మూడో చుట్టులో అవే, కానీ చివరి మూడు స్వరాలు మార్చి, సంగతి వేసినట్టు. నాలుగో చుట్టులో సన్న తీగలకు వెళ్లండి, బెండ్ అక్కడ ఒక్కసారే వాడండి. అయిదో చుట్టులో రెండో చుట్టు వాక్యమే ఉన్నదున్నట్టు తిరిగి రావాలి. తిరిగి వస్తేనే విన్నవాళ్లకు అది గుర్తుంటుంది. రికార్డ్ చేసి అప్పుడే వినకండి, మర్నాడు వినండి. ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ ఖాళీ నింపేశారో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. అదొక్కటే సరిచేసి మళ్లీ రికార్డ్ చేయండి. అయిదో చుట్టు ముగిశాక ఆఖరిగా ఒక ఎ మైనర్‌ని మీటి, చేయి తీగల మీద పెట్టేయకుండా, మోత పూర్తిగా అణిగేదాకా ఉండి అప్పుడు రికార్డింగ్ ఆపండి.